మారియెల్ రికార్డులో ఓజీత్ పాట

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మారియెల్ షెవరీ ముందు రచ్చ గెలిచింది. ఇంటి సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంది. పంతొమ్మిదేళ్ళ పిల్లకి అంతకంటే ముందుచూపు ఎక్కడినుంచి వస్తుంది?

ఆమె మొదటి రికార్డుని కన్నతల్లి తప్ప ఎవరూ కొనలేదు. రెండోది కొట్లలో పెట్టిన వారానికే అయిపోయింది. అన్నీ ఫ్రెంచి పాటలే. అట్ట మీద మారియెల్ ముఖం, గాలికి ఎగిరినట్టు దువ్విన జుట్టు, కింద ఇంటిపేరు లేకుండా ఒట్టి ‘మారియెల్’ అని పేరు. ఆ జుట్టు గాలికి ఎగరలేదు, ఫోటో తీసేవాడు ఫ్యాను పెట్టి ఎగరేశాడు. సముద్రం నడుమ గాలి ఆగని మా దీవుల్లో పుట్టిన పిల్లకి ఫ్యాను గాలి పెట్టాల్సి రావడం ఎంత విడ్డూరమో మా వాళ్ళెవరిని అడిగినా చెప్తారు.

మాంట్రియల్లో ఆమె ముఖం ఎరగనివాళ్ళు లేరు. మెట్రోలో ఎక్కితే పెట్టె పెట్టంతా మోచేతులతో పొడుచుకునేది. టీవీవాళ్ళు పిలిచారు, పత్రికలవాళ్ళు పిలిచారు, బంగారు రికార్డు ఒకటి చట్రంలో బిగించి చేతికిచ్చారు. దాన్ని ఆమె ఎనిమిదో అంతస్తులోని తన గదికి తెచ్చుకుని, గోడకి కొట్టడానికి సుత్తి లేక మంచం కిందకి తోసింది. సుత్తి అడగడానికి పక్కింటివాళ్ళ పేర్లు తెలియవు. వాళ్ళకి మాత్రం ఆమె పేరు తెలుసు. సాయంత్రం డబ్బాలోని సూపు వేడి చేసుకుని, నిలబడే తాగి, గిన్నె కడిగి పడుకునేది. ఎవరితోనైనా మాట్లాడాలనిపించేది. కానీ ఎదురైన ప్రతివాళ్ళూ ఆమె పాట గురించే మాట్లాడేవాళ్ళు. అది ఆమెకి సిగ్గుగా ఉండేది. ఎందుకంటే ఆ పాట ఆమెది కాదు.

రికార్డులో పది పాటలు. తొమ్మిదింటిని నిర్మాత దెలోర్మ్ జీతగాళ్ళ చేత రాయించాడు. పదోదానికి చోటు మిగిలింది. “నీకేదైనా పాట వచ్చా, మీ ఊరిది?” అని అడిగాడు దెలోర్మ్. మారియెల్ కళ్ళు మూసుకుని ఓజీత్ అత్త పాట ఎత్తుకుంది. స్టూడియో అద్దం వెనక కూర్చున్నవాళ్ళు సిగరెట్లు ఆర్పేశారు. దెలోర్మ్ దాంట్లో పద్నాలుగు చరణాలుంటే నాలుగు ఉంచాడు, కింద డ్రమ్ములు పరిచాడు. తొమ్మిది పాటలూ మూలన పడ్డాయి, పదోది ఊరేగింది.

ఓజీత్ అంటే మారియెల్ తండ్రి క్లోవిస్‌కి అక్క. మారియెల్‌ని జ్ఞానస్నానం నాడు చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి కూడా ఆవిడే. ఓజీత్ భర్త ఎవారిస్త్ ఒక మార్చి నెలలో సీలు జంతువుల వేటకని సముద్రం మీద గడ్డకట్టిన మంచు మీదికి నడిచి వెళ్ళాడు. గాలి తిరిగింది. మంచు పలక ఒడ్డుని విడిచి అతన్ని తీసుకుని వెళ్ళిపోయింది. పెళ్ళై మూడేళ్ళు కూడా కాలేదు. ఓజీత్ ఏడవలేదంటారు. పాట కట్టుకుంది. ఎవరి వంటింట్లో జనం చేరి పాడుకున్నా, వరుస తన దగ్గరికి వచ్చినప్పుడు ఆ ఒక్క పాటే పాడేది.

దీవుల్లో పాటకి సొంతదారు ఉంటాడు. ఆల్సీద్ పాటని ఆల్సీద్ పాడతాడు, ఫెబ్రోనీ పాటని ఫెబ్రోనీ. ఆ మనిషి బతికుండగా ఇంకొకరు నోరు విప్పి దాన్ని పాడరు. పాడాలంటే సొంతదారు నలుగురి ముందూ “ఇదిగో, ఇక నీది” అనాలి. పడవ తాడు ఊడదీసుకుపోయినా క్షమిస్తారు గానీ పాట ఎత్తుకుపోతే క్షమించరు. ఇది మారియెల్‌కి తెలియక కాదు. ఉగ్గుపాలతో తెలుసు. కాకపోతే స్టూడియో వంటిల్లు కాదు కదా, మాంట్రియల్ దీవి కాదు కదా అనుకుంది. రికార్డన్నది ప్రతి వంటింట్లోకీ దూరి కూర్చుంటుందని ఆ క్షణంలో తోచలేదు. అడుసు తొక్కాక తోచింది.

ఈస్టరుకి ముందొచ్చే తపస్సు కాలం సగం గడిచిన వారంలో ఆమె చిన్న విమానంలో ఇంటికొచ్చింది. తల్లి లూసీల్ విమానాశ్రయంలోనే వాటేసుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని భుజం మీదినుంచి చుట్టూ చూసింది. లూసీల్ మంచిదే. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, అంతే.

“అత్త ఎలా ఉందమ్మా?” అంది మారియెల్ కారెక్కగానే.

“దిగీ దిగగానే ఆవిడ గొడవేనా? నేనెలా ఉన్నానో అడగవే! ఉంది, రాయిలా ఉంది. మీ నాన్న తోబుట్టువు కదా, కడుపుమంట చల్లారితేగా.”

“కడుపుమంట కాదమ్మా.”

“మరేంటే? కొత్త సంవత్సరం నాడు పాడమని అడిగితే ఏమందో తెలుసా? ‘నా పాట రేడియోలో వస్తుంది, పొండి, అక్కడ వినండి’ అంది. అందరి ముందూ! నా తల కొట్టేసినట్టయింది. అక్కడితో ఆగిందా? పోయిన నెల కొట్లో పిండి కొనుక్కుంటుంటే ఎవడో తలమాసినవాడు ‘మారియెల్ పాట నువ్వు కూడా బాగా పాడతావట కదా’ అన్నాడు.”

మారియెల్ కళ్ళు మూసుకుంది. “తర్వాత?”

“తర్వాతేముంది. పిండి సంచీ కింద పెట్టి, ‘మారియెల్ షెవరీ నా ఇంట్లో కూర్చోవడానికి వీల్లేదు, ఎవారిస్త్ మీద ఒట్టు’ అంది. కొట్టు నిండా జనం. చచ్చినవాడి మీద ఒట్టేంటే, అపశకునం కాకపోతే!”

క్లోవిస్ కారు నడుపుతూ ఒక్క మాటా మాట్లాడలేదు. పెళ్ళానికీ అక్కకీ మధ్య ముప్పై ఏళ్ళుగా అతనికి తెలిసిన ఉపాయం అదొక్కటే.

మర్నాడు మారియెల్ ఒక్కతే అత్త ఇంటికి నడిచింది. గుట్ట మీద పసుపు ఇల్లు, పొగ గొట్టంలోంచి పొగ. తలుపు కొట్టింది. కిటికీ తెర కదిలింది, మళ్ళీ సర్దుకుంది. “అత్తా, తప్పు చేశాను, చెప్పుకోనివ్వు” అంది తలుపుతో. గాలి ఆ మాటని ఎటో విసిరేసింది. ఇంకోసారి గట్టిగా అంది. ముక్కు కొస తిమ్మిరెక్కేదాకా నిలబడి వెనక్కి తిరిగింది. దారిలో ఎదురైన ఇద్దరు బడిపిల్లలు సంతకం అడిగారు. పెట్టింది. ఆ పిల్లలు వెళ్ళాక ఏడ్చింది.

పెదనాన్న కూతురు రోబెర్త్ ఆ సాయంత్రం వచ్చింది. ముగ్గురు పిల్లల తల్లైనా అల్లరి తగ్గని మనిషి.

“ఏడిస్తే ఒట్టు కరుగుతుందంటే చెప్పు, నేనూ కూర్చుని ఏడుస్తా. రేపు మికారెమే పిచ్చిమొద్దూ! ముసుగేసుకుని పద. మాంట్రియల్ వెళ్ళి అది కూడా మర్చిపోయావా?”

మర్చిపోలేదు. మికారెం అంటే నలభై రోజుల ఉపవాసాల నడుమ జనం కట్లు తెంచుకునే పండగ. మారువేషాలు వేసుకుని, గొంతు గుర్తుపట్టకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ముసుగు మనిషిని గడప బయట నిలబెట్టకూడదు. ఇంటివాళ్ళు పేరు పెట్టి కనిపెడితే ముసుగు తీసి, ఆ మనిషి ఆ మనిషిగానే కూర్చోవాలి. ఒకసారి ముఖం బయటపడ్డాక మళ్ళీ ముసుగేసుకున్నా ఆ ఏడాదికి చెల్లదు. కనిపెట్టలేకపోతే ఆ మనిషి ఎవరూ కాదు. ఎవరూ కాని మనిషిని లేచి పొమ్మనే హక్కు ఎవరికీ లేదు.

“నన్ను అత్త కనిపెట్టకుండా ఉంటుందా అక్కా? దగ్గు విని చెప్పేస్తుంది నేనని.”

“కనిపెట్టనీ. గడప లోపలే ఉంటావుగా అప్పటికి. నీ నోటితో నువ్వే క్షమించమను. గెంటేస్తే గెంటేస్తుంది, ఇప్పుడేమైనా నెత్తిన పెట్టుకుందా?”

మారియెల్‌కి మాత్రం లోపల ఇంకో ఆశ మొలిచింది. అత్త తన పేరు పిలిస్తే చాలు. ‘మారియెల్, ఇదిగో దొరికావు’ అని చిన్నప్పుడు ముసుగు లాగినట్టు లాగితే చాలు. ఆ తర్వాత కోపం అదే దిగుతుంది. పేరు పెట్టి పిలిచాక ఎవరైనా ఎంతసేపు కోపంగా ఉండగలరు?

మర్నాడు మూడింటికే బయల్దేరారు ముగ్గురూ. రోబెర్త్ ఫాదరీగారి వేషం వేసింది. ఆమె భర్త హెక్తోర్ గౌను కింద దిండు కట్టుకుని నిండు చూలాలయ్యాడు. మారియెల్ తండ్రి నూనెగుడ్డ కోటూ, రబ్బరు బూట్లూ, మోచేతులదాకా తొడుగులూ వేసుకుని, వీపున పాత దుప్పటి కుక్కి గూనిదైంది. ముఖానికి దిండు గలీబు, దానికి కళ్ళ దగ్గర రెండు చిల్లులు. అద్దంలో చూసుకుంటే హాయిగా అనిపించింది. ఆ ముఖం ఏ అట్ట మీదా లేదు.

ఓజీత్ తలుపు తీసింది. అరవై దాటిన భారీ మనిషి, ఎర్రటి ముంజేతులు, చూపు మాత్రం సూదిమొన. వంటింట్లో గోడ వెంబడి కుర్చీల్లో ఇరుగుపొరుగు అప్పటికే చేరి ఉన్నారు. పొయ్యి భగభగమంటోంది. నూనెలో వేగిన పిండివంటల వాసన.

“మికారెం లోపలికి రావచ్చా?” అంది రోబెర్త్ ఊపిరి లోపలికి లాగుతూ.

“రాక చస్తుందా? బూట్ల మంచు దులుపుకుని తగలడండి.”

ఓజీత్ ముగ్గురినీ గది నడుమ నిలబెట్టి చుట్టూ తిరిగింది. ఫాదరీగారి ముందు ఆగింది. “ఏమయ్యా ఫాదరీ, పాపాలు వింటావా?”

“నీ పాపాలు వినడానికి నాకు తీరికెక్కడిది, నా పాపాలే బోలెడు” అని మొదలెట్టిన ఫాదరీ ఇక ఆగలేదు.

“చాల్చాలు. ఇంత వాగే ఫాదరీని బిషప్పు ఎప్పుడో సముద్రంలో తోయించి ఉండేవాడు. రోబెర్త్! తియ్యి.”

గది ఘొల్లుమంది. రోబెర్త్ ముసుగు తీసి మూతి ముడిచింది. చూలాలి వంతు వచ్చింది. ఓజీత్ పొట్ట మీద తట్టింది. “పొట్ట అరువు తెచ్చుకున్నావు సరే, దొడ్డికాళ్ళు మాత్రం మీ నాన్నవే. హెక్తోర్! ఎన్నో నెల?”

“నీ మేనకోడల్నే అడుగత్తా, నాకేం తెలుసు” అన్నాడు హెక్తోర్. పక్కింటి ఆల్సీద్ ముసలాయన నవ్వి నవ్వి దగ్గాడు.

తర్వాత గూనిది. ఓజీత్ దగ్గరికొచ్చింది. 

“ఏ ఊరమ్మా మీది?”

“దూరం” అంది మారియెల్ ఊపిరి లోపలికి పీలుస్తూ.

“దూరమంటే?”

“నీళ్ళకవతల.”

ఓజీత్ ఆమె చేతిని తొడుగుతోనే పట్టుకుంది. తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని, బరువు చూస్తున్నట్టు కాస్త ఎత్తింది. గలీబు చిల్లుల్లోకి చూసింది. మారియెల్ కళ్ళార్పలేదు. చెప్పు అత్తా, చెప్పు, అనుకుంది.

“ఈ మనిషెవరో నాకు తెలీదు” అంది ఓజీత్.

“అదేంటత్తా! సరిగ్గా చూడు. కాస్త అటూ ఇటూ నడిపించు” అంది రోబెర్త్ కంగారుగా.

“నా కళ్ళు బాగానే ఉన్నాయి. తెలీదన్నానుగా. ఆల్సీద్, నీకేమైనా తెలుసా?”

ఆల్సీద్ గూనిదాన్ని చూశాడు, ఓజీత్‌ని చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు. “నాకెలా తెలుస్తుంది? ఎవరో పరాయి మనిషి” అన్నాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళు పొయ్యి వైపు చూశారు.

ఓజీత్ ఆమెని పొయ్యి పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టింది. గ్లాసు నిండా ఇంట్లో కాచిన ద్రాక్షసారా పోసి, ముసుగు ఎత్తే పని లేకుండా గలీబు కిందినుంచి తాగమని గొట్టం వేసి ఇచ్చింది. పిండివంటలు నాలుగు గుడ్డలో కట్టి కోటు జేబులో కుక్కింది. వీపున జారుతున్న గూనిని కూడా సర్దింది. మారియెల్‌కి ఒక్కో మర్యాదా ఒక్కో దెబ్బలా తగిలింది. దారినపోయే మనిషికి కూడా ఇదే చేస్తుంది కదా. మాంట్రియల్లో అందరికీ తెలిసిన మనిషి ఇక్కడ సొంత అత్తకే తెలియకుండా పోయింది. అక్కడ ఎంత ఒంటరిగా ఉన్నా, నన్నెరిగిన మనిషి ఒకరు గుట్ట మీద పసుపు ఇంట్లో ఉన్నారనుకుని నిద్రపోయేది. ఇప్పుడా ధైర్యం కూడా పోయింది.

వరుసగా పాటలు మొదలయ్యాయి. ఆల్సీద్ తన తాగుబోతు పెళ్ళికొడుకు పాట పాడాడు, అందరూ పాదాలతో తాళం వేశారు. హెక్తోర్ పాడాడు, రోబెర్త్ పాడింది. వరుస ఓజీత్ దగ్గరికొచ్చేసరికి గది సర్దుకుని కూర్చుంది. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఓజీత్ చేతులు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. గూనిదానికి ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

“ఇవాళ ఇంట్లో కొత్త మనిషి ఉంది. నీళ్ళకవతలి మనిషి. పాపం, ఈ పాట విని ఉండదు” అంది. కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

పాత పద్ధతి పాట అది. గొంతులో వణుకుండదు, చేతులు ఆడవు, ముఖం కదలదు. మనిషి గోడలా కూర్చుంటుంది, మాటలు బయటికొస్తాయి. మొదటి రెండు చరణాలూ రికార్డులో ఉన్నవే. మూడోది లేదు. పొద్దున్నే ఎవారిస్త్ కుడికాలి బూటు బిగుతుగా ఉందని విసుక్కోవడం, ఆమె వేడినీళ్ళు పోసి తోలు సాగదీయడం అందులో ఉంది. నాలుగోదీ లేదు. మనిషి రాకపోయినా చేపల సూపు చల్లారనివ్వకుండా పొయ్యి మీదే ఉంచిన మూడు పగళ్ళు అందులో ఉన్నాయి. దెలోర్మ్ ఆ రెండూ తీసేసి సముద్రాన్నీ గాలినీ ఉంచాడు. అవి ఏ సముద్రమైనా, ఏ గాలైనా కావచ్చు. బూటు మాత్రం ఎవారిస్త్ ఒక్కడిదే.

ఐదో చరణం మొదలైంది. పాటలో సూపు ఇంకిపోయి గిన్నె అడుగంటింది. మారియెల్ ముసుగు లోపల తడిసిపోయింది. అత్త తన ముఖంలోకి పాడుతోంది, కానీ తనకి కాదు. ఎవరో ఊరూ పేరూ లేని గూనిదానికి పాడుతోంది. ఆ గూనిది మీద మారియెల్‌కి ఓర్వలేనంత అసూయ పుట్టింది.  గలీబు లాగి పారేసింది.

“నేనే అత్తా! మారియెల్‌ని! నన్నే తెలీదంటావా?”

పాట మధ్యలో తెగిపోయింది. రోబెర్త్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తల దించుకున్నారు. ఓజీత్ కళ్ళు తెరిచింది. కోపంగా కాదు, చేతిలోని గిన్నె జారి పగిలినప్పుడు చూసినట్టు చూసింది.

“ఎందుకు తీశావే?” అంది.

“నన్ను గుర్తుపట్టలేదు నువ్వు!”

“గడప మీద నీ బూటు పడ్డప్పుడే గుర్తుపట్టాను. నిన్ను గుర్తుపట్టడానికి నాకు ముఖం కావాలా?”

“మరి తెలీదన్నావు?”

“పేరు చెప్తే పంపించెయ్యాలి కదే. అందరి ముందూ ఒట్టేశాను. మారియెల్ షెవరీ ఇక్కడ కూర్చోవడానికి లేదు, ఎవరో ముసుగు మనిషి కూర్చోవచ్చు. ఎంతసేపైనా కూర్చోవచ్చు. చివరిదాకా విని, వచ్చినట్టే వెళ్ళేదానివి. వచ్చే ఏడు మళ్ళీ వచ్చేదానివి. నేను మళ్ళీ తెలీదనేదాన్ని.”

మారియెల్ చుట్టూ చూసింది. ఆల్సీద్‌కి తెలుసు. గోడ వెంబడి ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు. గదిలో తెలియనిది తనొక్కదానికే.

“ఒట్టు తీసి గట్టున పెట్టత్తా, చిన్నపిల్ల!” అంది రోబెర్త్ ఏడుపు గొంతుతో.

“చచ్చినవాడి మీద వేసిన ఒట్టు ఏ గట్టున పెట్టను? ఆయన పాట ఎలాగూ ఊరందరిదీ అయింది. ఆయనకిచ్చిన మాటైనా నాకుండొద్దా?”

 ఓజీత్ లేచి మారియెల్‌ని లేవదీసింది. కోటు గుండీలు కిందినుంచి మెడదాకా పెట్టింది. పై గుండీ విప్పి, మళ్ళీ పెట్టింది. నేల మీది గలీబు తీసి చేతికిచ్చింది. తలుపు తెరిచి పట్టుకుంది.

“క్షమించత్తా” అంది మారియెల్.

“క్షమించి ఎన్నాళ్ళయిందో. గాలి వస్తోంది, వెళ్ళు.”

తలుపు మూసుకుంది. బయట ఇంకా వెలుగుంది. లోపల పాట మళ్ళీ మొదలవుతుందేమోనని చెవి ఒగ్గింది. మొదలవలేదు. అప్పుడు మారియెల్ ఏం చేసిందో వింటే నవ్వొస్తుంది, మాకెవరికీ నవ్వు రాలేదు గానీ. గలీబు ముఖానికి తగిలించుకుని, కళ్ళ చిల్లులు సరిచూసుకుని, వంగి గూనిదైంది. తలుపు కొట్టింది.

“మికారెం లోపలికి రావచ్చా?” అంది ఊపిరి లోపలికి పీలుస్తూ.

లోపల అడుగుల చప్పుడు తలుపుదాకా వచ్చి ఆగింది. చెక్కకి ఆవల మనిషి ఊపిరి వినిపించింది.

“నువ్వెవరో నాకు తెలుసే తల్లీ” అంది ఓజీత్. తలుపు తెరుచుకోలేదు.